పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు నాటితే అన్నీ పచ్చ పిలకలే వస్తున్నాయి, ఎందుకు?

బాల్కనీ తోట, నిజాంపేట:

అందరికీ నమస్కారమండి. మా హాల్లో పసుపు అంచులున్న స్నేక్ ప్లాంట్ ఒకటి ఉంది. ఈ ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజు మా ఆడపడుచు తెచ్చి ఇచ్చింది. అప్పుడు మోకాలి ఎత్తు ఉండేది, ఇప్పుడు నడుము దాటింది. ఆకు మధ్యలో ముదురాకుపచ్చ, దాని మీద బూడిద రంగు అడ్డచారలు, రెండు పక్కలా వెన్న రంగు అంచు. ఇంటికి వచ్చినవాళ్లు సోఫాలో కూర్చోకముందే దాని గురించి అడుగుతారు. నాకు చాలా ఇష్టమైన మొక్క.

పోయిన వేసవిలో పెయింటర్లు నిచ్చెన జరుపుతుంటే తగిలి ఒక పెద్ద ఆకు మొదట్లో విరిగింది. అంత చక్కటి ఆకుని పారెయ్యబుద్ధి కాలేదు. జానెడు ముక్కలుగా కోసి కొన్ని గాజు సీసాలో నీళ్లలో, కొన్ని ఇసుకలో పెట్టాను. వేళ్లు రావడానికే చాలా రోజులు పట్టింది. వానాకాలం అయ్యాక మొదళ్ల దగ్గర పిలకలు కనిపించాయి. మా అమ్మకి, ఎదురింటి ఆంటీకి, మొక్క ఇచ్చిన ఆడపడుచుకి తలా ఒకటి ఇస్తానని చెప్పేశాను కూడా. ఇప్పుడు చూస్తే ఒక్క పిలకకీ పసుపు అంచు లేదు. చారలు ఉన్నాయి కానీ మిగతాదంతా ఆకుపచ్చే. ఇవి పెద్దయ్యాక అంచు వస్తుందా? వచ్చేలా చెయ్యడానికి ఏమైనా ఎరువు ఉందా?

ఇంకో సంగతి. తల్లి మొక్కలో కూడా ఈమధ్య వచ్చిన ఆకులు సన్నగా, పొడుగ్గా సాగిపోతున్నాయి, అంచు పాలిపోయినట్టు ఉంది. కొన్ని ఆకుల కొనలు గోధుమ రంగులోకి ఎండాయి. వారానికి ఒక పెద్ద గ్లాసు నీళ్లు పోస్తాను. ఆర్‌ఓ మిషన్ నుంచి పైపులో బయటికి పోయే నీళ్లు వృథా కాకుండా బకెట్‌లో పట్టి మొక్కలకే వాడతాను. మొక్క టీవీ పక్కన ఉంటుంది, బాల్కనీ తలుపు అక్కడికి బాగా దూరం.

మా అత్తయ్యగారేమో ఇది రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందట, బెడ్‌రూమ్‌లో పెట్టమంటున్నారు. నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మిద్దె తోట, గుంటూరు:

అక్కా, వెలుతురు చాలకపోతే రంగు పోతుంది. క్రోటన్లు నీడలో పెడితే పచ్చగా అయిపోతాయి కదా, ఇదీ అంతే అనుకుంటున్నాను. పిలకల్ని తూర్పు బాల్కనీలో పెట్టి చూడండి, అంచు తేలొచ్చు. ఎప్సమ్ సాల్ట్ లీటరుకి ఒక చెంచా కలిపి పోస్తే రంగు బాగా వస్తుందని కూడా విన్నాను. ఈ మొక్కకి నేనైతే పోసి చూడలేదు.

కడియం మొక్కలు:

మేడమ్ గారూ, ఆ పిలకలకి అంచు రాదండి. ఎంత వెలుతురులో పెట్టినా, ఏ ఎరువు వేసినా, ఎన్నేళ్లు పెంచినా రాదు. ఈ మాట ముందే చెప్తే మీరు ఎదురుచూడక్కర్లేదు. మొక్క అమ్మినవాళ్ల మోసమూ లేదు, మీ పెంపకంలో లోపమూ లేదు. ఈ రకం తీరే అంత.

మాది కడియపులంక పక్క ఊరు. మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచీ మొక్కల పనే. మా వైపు ఈ పసుపు అంచు రకాన్ని ఆకు నుంచి చెయ్యరు, దుంప విడదీసే చేస్తారు. పచ్చ రకమైతే ఆకుని ముక్కలు కోసి ఇసుకలో వరసగా గుచ్చుతారు, ఒక ఆకు నుంచే చాలా మొక్కలు వస్తాయి. పసుపు అంచుది అలా కాదు, దుంప ఎన్ని పిలకలు వేస్తే అన్నే మొక్కలు. నర్సరీలో రెండింటి ధరకీ తేడా అక్కడే వస్తుంది.

కారణం నాకు తెలిసినట్టు చెప్తాను. ఆ ఆకులో రెండు రకాల కణాలు ఉంటాయి. అంచులో ఉన్నవాటికి పత్రహరితం తయారుచేసుకునే శక్తి లేదు, అందుకే పసుపు. మధ్యలో ఉన్నవి మామూలు పచ్చ కణాలు. దుంప కొసన మొలక ముక్కు ఉంటుంది చూడండి, ఈ రెండు రకాలూ అక్కడ పొరలు పొరలుగా సర్దుకుని ఉంటాయి. దుంప నుంచి పిలక లేచినప్పుడు ఆ పొరలన్నీ అదే వరసలో పిలకలోకి వచ్చేస్తాయి. కాబట్టి పిలకకి అంచు ఉంటుంది. ఆకుని కోసి నాటినప్పుడు అక్కడ మొలక ముక్కు లేదు కదా, కోసిన చోట అది మళ్లీ కొత్తగా పుట్టాలి. పుట్టేది లోపలి పచ్చ కణాల నుంచి. దాంతో పొరల సంగతే ఉండదు, మొత్తం పచ్చ మొక్క వస్తుంది. పోనీ పసుపు అంచు ఒక్కటే చీల్చి నాటుదామా అంటే దానికి పత్రహరితం లేదు, తిండి చేసుకోలేదు. మొలక వచ్చినా నిలబడదు.

బూడిద రంగు అడ్డచారలు వేరు. అవి మొక్క మొత్తానికి ఉన్న గుణం. అందుకే మీ పిలకల్లో చారలు దిగాయి, అంచు దిగలేదు. పొట్టిగా గులాబీ పువ్వులా పరుచుకునే పసుపు రకం ఉంది, గోల్డెన్ హానీ అంటారు. దాని ఆకు నాటినా ఇలాగే పచ్చదే వస్తుంది.

గుంటూరు తమ్ముడు చెప్పినదాంట్లో వెలుతురు మాట మీ తల్లి మొక్కకి బాగా వర్తిస్తుంది. చీకటిగా ఉన్నచోట ఈ మొక్క చావదు, కానీ వెలుతురు వెతుక్కుంటూ ఆకు సన్నగా సాగుతుంది, అంచు పాలిపోతుంది, ఆకు బరువుకి పక్కకి వాలుతుంది. నీడలో కూడా పెరుగుతుందని అందరూ చెప్పడంతో దీన్ని తీసుకెళ్లి ఇంట్లో అన్నిటికన్నా చీకటి మూల పెడుతున్నారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. నీడని ఓర్చుకుంటుంది, అంతవరకే. బాల్కనీ తలుపుకి మూడు నాలుగు అడుగుల లోపల పెట్టండి. పగలు లైటు వెయ్యకుండా పేపరు చదువుకోగలిగినంత వెలుతురు అక్కడ ఉండాలి. పొద్దుటి ఎండ తగిలితే ఇంకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ మాత్రం నేరుగా పడనివ్వకండి, ముందు మాడేది ఆ పసుపు అంచే. ఇన్నాళ్లు టీవీ పక్కన ఉన్న మొక్క కాబట్టి ఒక్కసారిగా ఎండలోకి కూడా తీసుకెళ్లొద్దు. కొన్ని రోజులకొకసారి కాస్త కాస్త ముందుకు జరపండి. సాగిపోయిన ఆకులు మళ్లీ వెడల్పు కావు, ఇకమీద వచ్చేవి బాగా వస్తాయి.

ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం. అది తక్కువైన మొక్కకి పనిచేస్తుంది. లేని పొరని మాత్రం ఏ ఉప్పూ తెచ్చిపెట్టలేదు.

ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్లు కుండీలకి ఈ రోజు నుంచే ఆపెయ్యండి. మిషన్ మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చేరుతుంది. నేల మీద చెట్టయితే వానకి కడుక్కుపోతుంది కానీ కుండీలో ఎక్కడికి పోతుంది? మీ కుండీ అంచు మీద, మట్టి మీద తెల్లగా పూత కట్టి ఉందేమో చూడండి. ఈ జాతి మొక్కలకి ఫ్లోరైడ్ కూడా పడదు. కొనలు గోధుమ రంగులో ఎండడం చాలాసార్లు నీళ్ల వల్లే. వాన నీళ్లు అన్నిటికన్నా మంచివి, లేకపోతే మున్సిపల్ నల్లా నీళ్లు. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే ఆ నీళ్లు ఇల్లు కడుక్కోవడానికి వాడుకోండి, వృథా కావు. ఎండిన కొనలు కత్తిరించినా పర్వాలేదు, కానీ ఇంకా పెరుగుతున్న లేత ఆకు కొన మాత్రం ముట్టుకోవద్దు. కొన దెబ్బతింటే ఆ ఆకు ఎదుగుదల ఆగిపోవచ్చు.

పచ్చ పిలకల్ని పారెయ్యకండి మేడమ్. పత్రహరితం ఎక్కువ కాబట్టి అవి పసుపు అంచుదానికన్నా గట్టివి, తొందరగా పెరుగుతాయి. మీ లిఫ్టు ముందు, కారిడార్‌లో అవే బాగుంటాయి. అమ్మగారికి, ఆంటీకి అంచున్నది ఇవ్వాలనుకుంటే తల్లి దుంపని విడదియ్యాలి. కుండీ పక్కలు ఉబ్బాయా, పక్క నుంచి పిలకలు లేచాయా చెప్పండి. విడదీసే పద్ధతి అప్పుడు రాస్తాను.

బాల్కనీ తోట, నిజాంపేట:

చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పినట్టే కుండీ అంచు మీద తెల్లటి పూత ఉంది, అది సున్నం రంగు అనుకుని వదిలేశాను. ప్లాస్టిక్ కుండీ ఒక పక్క బాగా ఉబ్బింది, పిలకలు మూడు కనిపిస్తున్నాయి, మూడిటికీ అంచు ఉంది!

కానీ ఒక విషయం టెన్షన్‌గా ఉంది. ఈరోజు దగ్గరగా చూస్తే నడిమధ్య ఆకు మొదలు మెత్తగా తగులుతోంది. నొక్కితే వేలు లోపలికి దిగుతోంది, కొంచెం వాసన కూడా. మొక్క మొత్తం పోతుందా?

కడియం మొక్కలు:

మొక్క మొత్తం పోకముందే చూశారు, కాబట్టి పోదు. కానీ దీన్ని వారాంతం దాకా వాయిదా వెయ్యకండి. అది కుళ్లు. ఈ మొక్కని చంపేది దాదాపు ఎప్పుడూ ఇదే. ఎండకి, కరువుకి చచ్చిన స్నేక్ ప్లాంట్‌ని నేను అరుదుగా చూశాను. నీళ్లు ఎక్కువై చచ్చినవాటికి లెక్కే లేదు. ఆకులోనూ దుంపలోనూ అది నీళ్లు దాచుకుంటుంది. దాచుకున్నది ఖర్చయ్యేలోపు మళ్లీ పోస్తుంటే వేళ్లకి గాలి ఆడదు, అవి చచ్చిపోతాయి, అక్కడి నుంచి కుళ్లు దుంపలోకి ఎక్కుతుంది.

కుండీని పడుకోబెట్టి పక్కలు తట్టి మొక్కని మొత్తంగా బయటికి తియ్యండి. ఆకులు పట్టుకుని లాగొద్దు. బాగా బిగుసుకుపోయి ఉంటే ప్లాస్టిక్ కుండీనే కోసేయండి, మొక్క కన్నా కుండీ ఎక్కువ కాదు కదా. మట్టి దులిపాక లావుగా, కాస్త నారింజ రంగులో, అల్లంలా పక్కలకి పాకిన దుంప కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నది గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగులో, నొక్కితే చితుకుతుంది. వేలికి జారిపోయే వేళ్లన్నీ తీసెయ్యండి. కత్తిని స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడిచి, మెత్తబడిన భాగం అంతా కోసెయ్యండి. కోసిన ముఖం శుభ్రంగా, ఎక్కడా మరక లేకుండా కనిపించేదాకా కొయ్యాలి. ఇక్కడ జాలిపడి సగం వదిలేస్తే కుళ్లు మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక్కో కోతకీ కత్తి మళ్లీ తుడవండి.

పనిలో పనిగా పిలకల్ని కూడా అప్పుడే విడదియ్యొచ్చు. పిలక తనకంటూ వేళ్లు వేసుకుని ఉంటేనే విడదియ్యండి. దుంప ముక్క, దానికి సొంత వేళ్లు, పైన కనీసం ఒక ఆకు గుబురు ఉండాలి. వేళ్లు లేని చిన్న పిలకని తల్లితోనే ఉండనివ్వండి. కోసిన ముక్కల్ని మట్టిలో వెంటనే పెట్టకండి. నీడలో, గాలి ఆడేచోట పేపరు పరిచి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. కోసిన చోట పొర కట్టి ఎండాలి. కొందరు పసుపు రాస్తారు, కొందరు దాల్చినచెక్క పొడి, నర్సరీల్లో శిలీంద్రనాశిని పొడి అద్దుతారు. ఏది రాసినా ఆరబెట్టడం మాత్రం మానొద్దు, అసలు కాపాడేది అదే. మొక్క మట్టి లేకుండా అన్ని రోజులుంటే ఏమవుతుందోనని కంగారు వద్దు. దాని తిండి, దాని నీళ్లు దాని దగ్గరే ఉన్నాయి.

పాత మట్టి మళ్లీ వాడొద్దు. నర్సరీ నుంచి వచ్చిన మొక్కకి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. లారీల్లో దూరం వెళ్లేటప్పుడు వేళ్లు కదలకుండా, తడి ఆరకుండా ఉండడానికి ఆ మట్టి పనికొస్తుంది. మీ ఫ్లాట్‌లో, నీడలో అదే మట్టి రోజుల తరబడి ఆరదు. చాలామంది కొత్త కుండీలో పైపైన మంచి మట్టి వేసి, ఈ ముద్దని అలాగే మధ్యలో పెట్టేస్తారు. పైన పొడిగా కనిపిస్తుంది, లోపల ముద్ద తడిగానే ఉంటుంది. ఆ ముద్దని నీళ్లలో నానబెట్టి వేళ్ల నుంచి విడిపించాలి.

కొత్త మట్టికి మా ఇంట్లో కలిపేది చెప్తాను. ఎర్రమట్టి రెండు వంతులు, ముతక ఇసుక రెండు వంతులు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక వంతు. ఇసుక సన్నది వద్దు, కట్టుబడికి వాడే ముతకది జల్లించి కడిగి వాడండి. దొరికితే పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు గానీ చిన్న ఇటుక ముక్కలు గానీ ఒక వంతు కలపండి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఎక్కువ వేస్తే తడి పట్టి ఉంచుతుంది, ఈ మొక్కకి అది వద్దు. పిడికిట్లో తడిపి పిసికి వదిలితే ఉండలా నిలవకుండా విడిపోవాలి, అదే కొలత.

కుండీ మట్టిదైతే మంచిది, గోడల్లోంచి తడి ఆరుతుంది. దుంప కన్నా రెండు అంగుళాలు వెడల్పు ఉంటే చాలు. పెద్ద కుండీ పెడితే తొందరగా పెరుగుతుందని పెడుతుంటారు, వేళ్లు చేరని చోట మట్టి తడిగా ఉండిపోతుంది తప్ప ఉపయోగం లేదు. అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు లేని పింగాణీ కుండీ మీకు అందంగా అనిపిస్తే దాంట్లో ఇంకో చిల్లుల కుండీ పెట్టి, అడుగున నిలిచిన నీళ్లు పారబొయ్యండి.

ఇక నీళ్లు. వారానికి ఇన్ని, నెలకి ఇన్ని అని లెక్క పెట్టుకోకండి. పుల్ల పెట్టి చూడండి. అగరబత్తి పుల్ల ఖాళీది మట్టిలో అడుగుదాకా గుచ్చి తీస్తే తడి అంటకూడదు, చల్లగా తగలకూడదు. అప్పుడు పొయ్యాలి. పోసేటప్పుడు గ్లాసుతో కొంచెం కొంచెం కాదు, అడుగు చిల్లులోంచి కారేదాకా పొయ్యాలి. అప్పుడే ఉప్పు కూడా బయటికి పోతుంది. ఆకుల గుబురు మధ్యలో పొయ్యకుండా చుట్టూ మట్టి మీద పొయ్యండి. హైదరాబాద్ ఎండాకాలంలో ఇది సుమారు పది పన్నెండు రోజులకొకసారి పడొచ్చు. వానాకాలంలో ఇంకా ఆలస్యం, డిసెంబరు, జనవరిలో మూడు నాలుగు వారాలు కూడా ఆగొచ్చు. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో ఉన్నవాళ్లు ఇంకా తగ్గించుకోవాలి.

బోటనీ లెక్చరర్, హనుమకొండ:

కడియం గారు పొరల గురించి చెప్పింది సరైన మాట. అలా రెండు రకాల కణజాలం ఒకే మొక్కలో కలిసి ఉండడాన్ని కైమీరా అంటాం. ఇంటర్ పిల్లలకి చెప్పేటప్పుడు నేను ఈ మొక్కనే తరగతికి పట్టుకెళ్తాను, ఎందుకంటే ఇంత బాగా కంటికి కనిపించే ఉదాహరణ దొరకదు.

ఈ పసుపు అంచు రకం పేరు లారెంటై. 1900ల మొదట్లో బెల్జియంకి చెందిన ఎమీల్ లోరాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కాంగోలో సేకరించిన మొక్క, అందుకే ఆయన పేరు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దీని పుట్టిల్లు. చాలాకాలం సాన్సెవేరియా ట్రైఫేసియేటా అని పిలిచేవాళ్లం. జన్యు పరిశీలనల తర్వాత సాన్సెవేరియా మొక్కలన్నిటినీ డ్రసీనా జాతిలో కలిపారు, దీనికి 2017లో కొత్త పేరు వచ్చింది. కాబట్టి ఇప్పుడు డ్రసీనా ట్రైఫేసియేటా. నర్సరీ బోర్డుల మీద పాత పేరే ఉంటుంది, రెండూ ఒకటే. మన దగ్గర సహజంగా పెరిగే దీని చుట్టం ఒకటుంది, పాత పేరు సాన్సెవేరియా రాక్స్‌బర్గియానా. వెనకటికి దాని ఆకు నారతో వింటినారి పేనేవాళ్లు. దానికి పసుపు అంచు ఉండదు.

మీ అత్తయ్యగారి ప్రశ్నకి వస్తాను. రాత్రి ఆక్సిజన్ ఇస్తుందన్న మాట ఒక నిజం నుంచి పుట్టి దారి తప్పింది. పొడి నేలల్లో బతకడానికి అలవాటుపడిన ఈ మొక్క, నీరు ఆవిరైపోకుండా పగలు పత్రరంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. రాత్రి కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. పగలు వెలుతురు రాగానే దాన్ని వాడుకుని పిండిపదార్థం చేసుకుంటుంది. ఆక్సిజన్ తయారవ్వాలంటే వెలుతురు ఉండాల్సిందే, చీకట్లో అది జరగదు. కాబట్టి బెడ్‌రూమ్‌లో పెడితే హాని లేదు, ఆక్సిజన్ కోసమని పెడితే ప్రయోజనమూ లేదు.

గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారం 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. ఆ ప్రయోగం గాలి చొరబడని చిన్న గదుల్లో జరిగింది. మన ఇళ్లలో కిటికీల్లోంచి, తలుపుల సందుల్లోంచి గాలి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. 2019లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి మళ్లీ లెక్కలు వేశారు. మామూలుగా మారే గాలితో సమానంగా శుభ్రం చెయ్యాలంటే ఒక్కో చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలైనా ఉండాలని, వెయ్యిదాకా కూడా కావాల్సి రావచ్చని తేలింది. కిటికీ తెరవడం మేలు. ఈ మొక్కని దాని అందం కోసం పెంచుకోండి, అది చాలదా?

తెలుగింటి కిటికీ, డల్లాస్:

ఇక్కడి చలి గురించి ఒక్క మాట, పరాయి దేశాల్లో ఉన్న మనవాళ్లకి పనికొస్తుందని. 10 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి పోతే ఈ మొక్క దెబ్బతింటుంది. డిసెంబరులో కిటికీ అద్దానికి ఆనించి పెట్టకండి, రాత్రి అద్దం దగ్గర గదిలో కన్నా బాగా చల్లగా ఉంటుంది. హీటర్ గాలి నేరుగా తగిలేచోట కూడా వద్దు, పొడి గాలికి ఎర్రనల్లి అనే సన్నటి పురుగు పడుతుంది. ఆకు వెనక సన్నటి బూజులాంటి దారాలు కనిపిస్తే అదే. తడిగుడ్డతో రెండు వైపులా తుడిస్తే చాలావరకు పోతుంది.

ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త. ఈ ఆకులో సాపోనిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి, పిల్లి గానీ కుక్క గానీ నమిలితే వాంతులు అవుతాయి. మా పిల్లి దీన్ని కొరకడం మొదలుపెట్టాక అందని ఎత్తులో స్టాండ్ మీద పెట్టాం. పాకే పిల్లలున్నవాళ్లు కూడా ఆకు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

బాల్కనీ తోట, నిజాంపేట:

అందరికీ ధన్యవాదాలండి. అత్తయ్యగారికి లెక్చరర్ గారి జవాబు మొత్తం చదివి వినిపించాను. అయితే హాల్లోనే వెలుతురులో ఉండనియ్యి అన్నారు.

మొక్క బయటికి తీశాను. కుండీ కొయ్యాల్సే వచ్చింది. కడియం గారు చెప్పినట్టు లోపల బంకమట్టి ముద్ద అలాగే ఉంది, పిడికెడు పిండితే నీళ్లు కారేంత తడి. దుంపలో ఒక కొస కుళ్లింది, దాని మీదున్న రెండు ఆకులతో సహా కోసేశాను. కోసిన ముఖం శుభ్రంగా ఉంది. మిగతా దుంప రాయిలా గట్టిగా ఉంది. ఇప్పుడన్నీ బాల్కనీలో పేపరు మీద ఆరుతున్నాయి.

ఒక సందేహం. మూడు పిలకల్లో రెండిటికి అంచు చక్కగా ఉంది, సొంత వేళ్లు కూడా ఉన్నాయి. మూడోది విచిత్రంగా ఉంది. మట్టిలోంచి బయట పడ్డాక చూస్తే దాదాపు మొత్తం పసుపే, ఒక పక్క మాత్రం సన్నటి పచ్చ గీత. చాలా అందంగా ఉంది. దీన్ని విడిగా పెంచొచ్చా? కుళ్లిన ఆకుల్లో ఒకదాని పైభాగం బాగానే ఉంది, అది కూడా నాటనా?

మిద్దె తోట, గుంటూరు:

ఆ పసుపు పిలక ఫొటో ఒకటి పెట్టండక్కా, చూడాలని ఉంది. కైమీరా సంగతి నాకూ ఇవాళే తెలిసింది. మా ఇంట్లో పసుపు అంచుదాని పక్కన ఒక పచ్చ పిలక లేచింది, అంచు అసలు లేదు. దుంప నుంచే వచ్చింది మరి. దాన్ని ఏం చెయ్యాలి?

కడియం మొక్కలు:

తమ్ముడూ, దుంప నుంచి కూడా అప్పుడప్పుడూ అలా పచ్చ పిలక లేస్తుంది. మొలక ముక్కులో పొర జారిపోతే అంతే. దాన్ని కుండీలో ఉంచితే తొందరగా పెరిగి కుండీ అంతా ఆక్రమిస్తుంది, అంచున్నవి వెనకబడతాయి. వేళ్లు రాగానే విడదీసి వేరే కుండీలో పెట్టెయ్యి.

మేడమ్ గారూ, ఆ పసుపు పిలకని ఇంకా కొయ్యకపోయి ఉంటే విడదియ్యకండి. దానికి ఉన్న పచ్చ అంతా ఆ ఒక్క గీతే. తల్లి దుంప నుంచి తిండి అందుతున్నంత కాలం హాయిగా పెరుగుతుంది, విడదీస్తే ఆ గీతతో బతకడం కష్టం. తల్లితోనే ఒక కుండీలో నాటండి. కిటికీ వైపు తిప్పి పెట్టండి కానీ ఎండ మాత్రం తగలనివ్వకండి, మిగతావాటికన్నా ఇదే ముందు మాడుతుంది. రేపు దాని నుంచి వచ్చే పిలక ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పచ్చ గీత వెడల్పయితే అలాంటి రకమే మీ ఇంట్లో నిలిచిపోవచ్చు. నేనైతే ఆ పిలకని చాలా జాగ్రత్తగా చూసుకుంటాను.

ఆకు పైభాగం నాటుకోవచ్చు, పచ్చ మొక్క వస్తుంది. ఏది పైన ఏది కింద అన్నది గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా గుచ్చితే వేళ్లు రావు. కింది వైపుని గుర్తు కోసం ఏటవాలుగా కొయ్యండి.

అంచున్న రెండు పిలకల్నీ చెరో చిన్న మట్టి కుండీలో పెట్టండి. దుంప పైన ఒక అంగుళం మట్టి చాలు, ఆకు మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. వేళ్లు కుదురుకునేదాకా ఊగుతాయి, ఒక పుల్ల పాతి వదులుగా దారంతో కట్టండి. మట్టి కొంచెం చెమ్మగా ఉంటే చాలు, మొదటి నీళ్లు వారం తర్వాతే. ఎరువు ఇప్పుడేమీ వద్దు, కొత్త ఆకు కనిపించాక ఒక పిడికెడు వర్మీకంపోస్ట్ వెయ్యండి. ఆడపడుచు గారికి, అమ్మగారికి ఇచ్చేది కూడా ఆ కొత్త ఆకు వచ్చాకే ఇవ్వండి. ఎదురింటి ఆంటీ గారికి మాత్రం వచ్చే ఏడాది దాకా ఆగమని చెప్పండి, తల్లి దుంప మళ్లీ పిలక వెయ్యాలి కదా.